చెంబు మునిగేన్ని నీళ్లు

ఆకు ఏ రంగని అడిగితే చైత్ర ఠక్కున "కెంపు" అంది. కన్నడంలో ఎరుపన్నమాట. తప్పని చెప్పడానికి ప్రమీలమ్మకు నోరు రాలేదు. కన్నడ సీమలోని తారానగర్‌లో, ఇనుప గనుల లారీలు తిరిగే దారి పక్కన మొలిచిన వేపచెట్టు ఆకు ఎర్రగా కాక ఇంకెలా ఉంటుంది? తడిగుడ్డ చేతికిచ్చి, ఆ పిల్ల చేతనే నాలుగాకులు తుడిపించింది. దుమ్ము కింద నుంచి అసలు రంగు తేలాక, "ఇదీ బిడ్డా, పచ్చ అంటే" అంది. ఆ రోజు పిల్లలంతా చేయి అందినంత మేర చెట్టును కడిగి, పచ్చ అనే మాటను ఇంటికి పట్టుకుపోయారు.

ప్రమీలమ్మ పాఠం ఎప్పుడూ ఇంతే. తెలుగిళ్ల పిల్లలకు కూడా తెలుగు మాటలు జారిపోతున్నాయని కోడలు రోహిణి ఆదివారాలు తమ లారీ షెడ్డులో ఐదారేళ్ల వాళ్లను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దిస్తోంది. కన్నడం ఇళ్ల పిల్లలు కూడా స్నేహితుల వెంట వచ్చి కూర్చుంటారు. చైత్ర అలా వచ్చిందే. మాటలకు అర్థాలు చెప్పే పనిని రోహిణి అత్తకు అప్పగించింది. గోడకు తగిలించిన బొమ్మల పటం వైపు అత్త కన్నెత్తి కూడా చూడలేదు. మాట అంటే చేతికి తగలాలన్నది ఆమె పట్టు. మొక్క చుట్టూ మన్ను తీయించి పాదు అనే మాట, గడ్డి పీకించి కలుపు అనే మాట, రాలిన ఆకులు కుళ్లబెట్టించి ఎరువు అనే మాట నేర్పింది. ఎరువు నేర్చుకున్న రోజు మాత్రం పిల్లల తల్లులు ముక్కు మూసుకుని తిట్టుకున్నారు.

ఒక బుధవారం సాయంత్రం కొడుకు కోదండరామి టీ తాగుతూ మాటల్లో మాటగా అన్నాడు. "అమ్మా, కొండ కింద మన గుంత ఉండాదే, సోమవారం మొరం తోలించి పూడ్చేస్తా. లారీలు నిలిపేకి జాగా చాల్తా లేదు."

ప్రమీలమ్మ చేతిలోని గ్లాసు కింద పెట్టింది. "అది గుంత కాదు నాయనా. ఊట."

"ఎప్పటి సంగతమ్మా అది!"

కాదనడానికి లేదు. ఆమె ఈ ఇంటికి కోడలై వచ్చిన రోజు తాగిన మొదటి నీళ్లు ఆ ఊటవే. ఎండాకాలంలో కూడా రాయి సందులోంచి చిన్నగా ఉబుకుతూ ఉండేవి. కొళాయిలొచ్చాయి, కొండ మీద లారీలొచ్చాయి. దుమ్ము కొట్టుకొచ్చి పేరుకుంది. దాని మీద ప్లాస్టిక్ కవర్లు, అరిగిన టైర్లు. ఏడెనిమిదేళ్లుగా ఎవరూ అటు పోలేదు. పోవడం మానేశాక పేరూ మానేశారు. గుంత అన్నారు.

"నీళ్లుంటే?" అంది.

"ఉంటే నేనెందుకు పూడుస్తా? సోమవారం పొద్దునకి చెంబు మునిగేన్ని నీళ్లు చూపీ. ఒక్క తట్ట మన్ను కూడా పోయను. సరేనా?"

"మాట మీద నిలబడతావు గదా?"

"నిలబడతాలే పోమ్మా" అని నవ్వేసి కోదండరామి లేచాడు.

చేతిలో నాలుగు రోజులు. మర్నాడు బడి నుంచి వచ్చే పిల్లలను దారిలో ఆపి, "ఈ ఆదివారం ఊట. అందురూ రావాల" అని ప్రమీలమ్మ మరీ మరీ చెప్పింది. పిల్లల మొహాలు వెలిగిపోతే, ఈ మాట మీద వీళ్లకింత ఆశ ఎందుకో అని మురిసిపోయింది కూడా.

ఆదివారం పొద్దున ఆ ఆశ సంగతి తెలిసింది. పదమూడు మంది వచ్చారు, అన్నం తినే పదమూడు స్టీలు తట్టలతో. చైత్రకు వాళ్లమ్మ జడలేసి కనకాంబరాలు పెట్టి పంపింది. ఒక బుడ్డోడైతే టిఫిను డబ్బా కూడా తెచ్చాడు. "మా అక్కకి కూడా హాకిస్కొని రమ్మనింది మా అమ్మ" అన్నాడు, అక్క వాటా కూడా పెట్టించుకుపోవాలని, ఏ సందేహమూ లేకుండా.

రోహిణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అత్తమ్మా! కన్నడంలో ఊట అంటే భోజనం గదా! పొద్దున లేస్తే ఊట ఆయ్తా, భోజనమైందా అని ఊరంతా అడిగేదే. మీరు పిల్లోళ్లని భోజనానికి పిలిచినారు!"

ఇన్నేళ్లూ ఆ మాట తన చెవిన పడుతూనే ఉంది. అయినా తనకు ఊట అంటే ఒకటే. ప్రమీలమ్మ నెత్తి మీద చేయి పెట్టుకుంది. ఇంటి ముందుకు తట్టతో వచ్చిన పిల్లను ఉత్తచేతుల్తో పంపే వంశం కాదు వాళ్లది.

"నువ్వు చిత్రాన్నం కలుపు. ఎక్కువే కలుపు. ఆకలయ్యేలోగా మేం ఆ ఊట చూసొస్తాం."

"తట్టలు ఈడ పెట్టి పొమ్మంటారా?"

ప్రమీలమ్మ ఆ తట్టల వైపు ఒక నిమిషం చూసింది. అంచులు గట్టిగా ఉన్నాయి. "వద్దు. అవి పనికొస్తాయి."

గుంతలో ముందు కవర్లు ఏరారు. తర్వాత తట్టలతో మట్టి గోకి, ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందించి గట్టు మీద పోశారు. టైరు దగ్గర పని ఆగిపోయింది. పదమూడు మంది కలిసి తోసినా అది కదల్లేదు. కోదండరామి టిప్పరు డ్రైవరు హులిగప్ప దూరం నుంచి బీడీ తాగుతూ వినోదం చూస్తున్నాడు.

"అమ్మా, మీ ఇస్కూల్లో ఫీజు ఎంత? నేనూ చేరతా."

"ఫీజు ఒక టైరప్పా. వచ్చి తీయి."

హులిగప్ప నవ్వుకుంటూ దిగి టైరు లాగి పారేశాడు. రేపు ఆ గుంతలో మొరం పోయాల్సింది తనేనని గుర్తొచ్చిందేమో, ఇంకో రెండు టైర్లు కూడా లాగేసి వెళ్లాడు.

మధ్యాహ్నానికి నల్ల బండ సందు బయటపడింది. నీళ్లు మాత్రం లేవు. చైత్ర నడుం మీద చేతులు పెట్టుకుని, "యాడుందవ్వా ఊట?" అంది. ప్రమీలమ్మ ఆ పిల్ల వేళ్లు పట్టుకుని సందులోకి దూర్చింది.

"తణ్ణగుంది!" చల్లగా ఉందని ఆ పిల్ల కేక.

"అదే. వస్తాండాది. మనలాగే మెల్లగా నడిచి వస్తాండాది."

రోహిణి గిన్నె నెత్తిన పెట్టుకుని అక్కడికే వచ్చింది. పిల్లలు తట్టలు కడుక్కుని గట్టు మీద కూర్చుని తిన్నారు. ప్రమీలమ్మ మాత్రం తినడం మాని ఆ సందులో వేళ్లు పెట్టి చూస్తోంది. తేమ ఒకటే అయితే, రేపు చెంబుతో ఏం ముంచాలి?

సోమవారం బడికి పోయే ముందు పిల్లలు గుంత దగ్గరికి చేరారు. మొరం నింపుకున్న టిప్పరు అప్పటికే నిలబడి ఉంది. పక్కన కోదండరామి ఫోను చూసుకుంటున్నాడు. ప్రమీలమ్మ కొంగు చాటున చెంబుతో ఇంకా దారిలోనే ఉంది. మొరం బండిని చూసి, ఊట పని అయిపోయిందేమోనని భయపడి చైత్ర అతని దగ్గరికెళ్లి అడిగింది.

"మామా, ఊట ఆయ్తా?"

ఊళ్లో రోజుకు పదిమంది అడిగే ప్రశ్నే. కోదండరామి తలెత్తకుండానే, "ఆయ్తు పుట్టీ" అన్నాడు.

ఆయ్తు. అయిపోయింది. చైత్ర మొహం పాలిపోయింది. "అవ్వా! ఊట అయిపోయిందంట!" అని ఊరు లేచేలా ఏడుస్తూ, బడి సంచి అక్కడే పారేసి గుంతలోకి దిగింది. మిగతా పన్నెండు మందీ ఆ వెనకే.

"ఏమాయ దీనికి? నేనేమంటిని?" కోదండరామి బిత్తరపోయాడు.

అప్పుడే వచ్చిన ప్రమీలమ్మ, "అయిపోయిందంటివి గదా నాయనా, ఊట" అంది.

"అయ్యో, నేను ఇడ్లీ తిన్న సంగతి చెప్తినమ్మా!" అంటూ, ఏడ్చే పిల్లను ఎత్తుకుందామని అతను కూడా గుంతలోకి దిగాడు. ఇన్నేళ్లలో మొదటిసారి. అడుగు పెట్టగానే బూటులోకి చల్లగా నీళ్లు దూరాయి. కిందికి చూశాడు. బండ సందు దగ్గర ఇసుక రేణువులు గిర్రున తిరుగుతున్నాయి. కింద నుంచి నీరు ఉబుకుతోంది. ఎర్రగా లేదు, తేటగా ఉంది.

"మామా, ఇదే ఊట. నీకి తెలీదా?" అంది చైత్ర, ముక్కు తుడుచుకుంటూ.

ప్రమీలమ్మ వంగి చెంబు ముంచింది. గుడగుడమని మునిగింది. పైకి తీశాక కోదండరామి దాని వైపు అనుమానంగా చూశాడు.

"అమ్మా, ఇది దేవుని గూట్లో చెంబు గదా? పిడికిలంత లేదే!"

"చెంబంటివి. ఏ చెంబో చెప్పలేదు."

హులిగప్ప టిప్పరులోంచి పకపకా నవ్వాడు. కోదండరామి తడిసిన బూటు విప్పి నీళ్లు వంచుకుని, కాసేపు ఆ సందు వైపే చూశాడు. తర్వాత గట్టెక్కి అన్నాడు. "హులిగప్పా, ఆ మొరం షెడ్డు వెనక మిట్టకి పోయ్. ఈ దిక్కు లారీ తిప్పొద్దండి, ఎవురూ."

మధ్యాహ్నం అన్నం వేళకు కోదండరామి ఇంటికి రాగానే ప్రమీలమ్మ వాకిట్లోనే, ఊళ్లో వాళ్లలా, అడిగింది. "ఊట అయిందా నాయనా?"

అతను జవాబు చెప్పబోయి ఆగాడు.

"ఏ ఊటమ్మా?" అన్నాడు.