నాలుగో గ్లాసు

అశోక్ చౌక్ హోటల్లో చిన్న బ్రూవరీల బీర్లకు పోటీ పెట్టి, మగ్గాల కార్ఖానా సేటు విష్ణును జడ్జిగా కూర్చోబెట్టారు. నూలుకు పట్టే గంజి చెడిందో లేదో నాలుకతోనే చెప్పగలడని ఆయనకు పేరు. పేర్లు లేని గ్లాసుల్లో నాలుగోది పుల్లగా తగిలింది. పులిస్తే పారబోయడమే ఆయనకు తెలుసు. సున్నా వేశాడు.

తీరా చూస్తే అది ప్రణాలి చేసిన బీరు. ఒకప్పుడు ఆయన పక్క మగ్గం మీద నేసి, కాలం చేసిన వాసుదేవ్ కూతురు.

"తప్పయిందమ్మా. చెడిపోయిందనుకున్న."

"జొన్నలతోని కావాలనే పులియబెట్టిన కాకా. మగ్గం కాడ మా నాన్న, నువ్వు ఒక్క చెంబుల తాగిన అంబలి లెక్క."

విష్ణు గ్లాసులో మిగిలిన గుక్క తాగాడు. అదే పులుపు.

"పోనీయ్ కాకా," అంది ప్రణాలి. "సేటువైనంక నువ్వు అంబలి తాగిందెప్పుడు?"