ఇంట్లో చెప్పని లాకౌట్

పొద్దున్నే సుందరి క్యారేజీ సర్దడం చూస్తే ఎవరికైనా ముచ్చట వేసేది. అడుగు గిన్నెలో అన్నం అదిమి, పైగిన్నెలో పప్పు పోసి, ఆపైన ఇంత వేపుడు పెట్టి, కొలిమి దగ్గర పని కాబట్టి కడుపు నిండా తినమని చెప్పి మొగుడి చేతికిచ్చేది. సత్యారావు తలూపి, హౌరాలోని టికియాపారా బస్తీ సందులోంచి చకచకా నడిచిపోయేవాడు. చక్కని సంసారమని మనమూ అనుకుంటాం. కానీ అతను వెళ్లేది పనికి కాదు. లిలువాలో అతను పనిచేసే ఇనప పోత కార్ఖానాకి దుర్గాపూజల ముందే తాళం పడింది.

ఆ రోజుల్లో కలకత్తా పక్కనున్న ఈ హౌరాలో లాకౌట్ వింత కాదు. గేటు మీద యజమాని నోటీసు, గేటు ముందు ఎర్రజెండాలు, మధ్యలో దిక్కుతోచని పనివాళ్లు. ఇందులో సత్యారావు తప్పేమీ లేదు. అయినా ఆ మాట ఇంట్లో చెప్పడానికి అతనికి నోరు రాలేదు. బస్తీలో తెలుగువాళ్లంతా మునిసిపాలిటీలో చీపురో పారో పట్టినవాళ్లే, కంపెనీ ఉద్యోగం అతనొక్కడిదే. ఆ గొప్ప వదులుకోవడం ఎలా? మురుగుకాలవల పూడిక తీయడానికి రోజుకూలీలు కావాలని పొరుగింటి బైరాగి వీధిలో చెబుతుంటే విననట్టు మొహం తిప్పుకున్నాడు.

చేతి గడియారం అమ్మిన డబ్బు తెచ్చి జీతమన్నాడు. తర్వాత అప్పు తెచ్చి జీతమన్నాడు. తగ్గిందేమని సుందరి అడిగితే ఓవర్‌టైం తీసేశారన్నాడు. ఆమె నమ్మి, ఇంటి ఖర్చు బిగించుకుంది.

పగలంతా అతను గంగ ఒడ్డున హౌరా లాంచీ ఘాట్‌లో కూర్చునేవాడు. మధ్యాహ్నం క్యారేజీ విప్పేవాడు గాని తినేవాడు కాదు. సంపాదించని వాడికి కూడెందుకని తనకు తానే శిక్ష వేసుకుని, అన్నమంతా గంగలో చేపలకు వేసేసేవాడు. నిండు గిన్నెలు తిరిగి తీసుకెళితే గుట్టు బయటపడుతుంది మరి. అలా పస్తుండి పాపం కడిగేసుకుంటున్నాననుకున్నాడు, వెర్రివాడు.

ఒకనాటి సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాకిట్లో జనం మూగి ఉన్నారు. సుందరి కుళాయి దగ్గర బిందెతో సహా పడిపోయిందట. అతన్ని పిలుచుకురావడానికి లిలువా పరుగెత్తిన బైరాగి, తాళం చూసి ఉత్తచేతులతో తిరిగొచ్చాడు. అయినా ఆ పెద్దమనిషి తాళం సంగతి ఎవరికీ చెప్పలేదు. అతని పెళ్లాం అమ్మన్నమ్మ మాత్రం సత్యారావుని నిలదీసింది.

"డాక్టరుబాబు ఏటన్నాడో తెలుసా? తిండి నేక పడిపోనాదంట. నీ క్యారేజీ కట్టీసినాక అడుగూ బొడుగూ మిగిల్తే అదే దానికి, నేకపోతే గంజినీల్లు. కొలిమి కాడ మనిసి, మా ఆయన తినాల అనీది."

సత్యారావుకి అప్పుడు తెలిసింది. చేపలకు వేసిన ప్రతి మెతుకూ ఆమె నోటి దగ్గరిది. తన పస్తు అతనే కోరి తెచ్చుకున్నాడు, ఆమె పస్తు మాత్రం అతను పెట్టిందే. జనం వెళ్లాక మంచం పక్కన కూలబడి, లాకౌటూ, అప్పూ, గంగలో పోసిన అన్నమూ, ఏదీ దాచకుండా చెప్పేశాడు. ఆమె తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననీ అనుకున్నాడు.

సుందరి మంచం మీదే అతనివైపు తిరిగింది. "కంపినీ మూసీసినందుకు నాకు ఏడుపు నేదు. ఊరంతా మూసీస్తన్నారు, నువ్వేటి సేస్తావు? నాకు సెప్పీసుంటే ఉన్నదే ఇద్దరం తినీవోలం. ఇంట్లో ఏటున్నాదో తెలీకుండా నాను ఇల్లెలాగ దిద్దుకోవాల?"

అమ్మన్నమ్మ ఇచ్చిపోయిన జావ అతను చెంచాతో తాగించాడు.

మర్నాడు తలొంచుకుని బైరాగి గడప తొక్కాడు. బైరాగి ఎగతాళి చెయ్యలేదు, మూలనున్న పార తెచ్చి చేతికిచ్చాడు. మురుగుకాలవల్లో పూడిక తీసి తెచ్చిన కూలి ఏ రోజుకారోజు సుందరి చేతిలో పడింది. ఏది కొనాలో, ఏది మానాలో, అప్పులోకి ఎంత పోవాలో ఇద్దరూ కూర్చుని అనుకున్నారు. వేపుడు మానేశారు, అన్నం మానలేదు. గేటు తెరిచినప్పుడు తెరుస్తారు, ఈలోగా మనం బతకొద్దా అని సుందరే నవ్వింది. ఆ నవ్వు చూసినప్పుడల్లా సత్యారావుకి తల దించుకోవాలనిపించేది. ఆమె తినడం మొదలుపెడితే గాని అతను కంచంలో చెయ్యి పెట్టేవాడు కాదు.

అయ్యలారా, అమ్మలారా, కార్ఖానాలు మూతపడటం మన చేతిలో లేదు. చెడ్డరోజులు ఎవరికైనా వస్తాయి, ఉన్నదెంతో తెలిసిన ఇల్లు వాటిని ఎలాగో దాటుతుంది. కానీ పరువు కోసం ఆ కష్టాన్ని ఇంట్లోవాళ్ల దగ్గర దాచినవాడు, తెలియకుండానే వాళ్ల నోటి దగ్గర కూడు తీసేస్తున్నాడు.