ఖాళీ కుర్చీల ముందు ఫైనల్

నల్ల బంతి పాకెట్ మూతి దగ్గరికి వచ్చి ఆగిపోయింది. హుస్సేన్ పీరా గుండె కూడా దానితోపాటే ఆగినంత పనైంది.

ఎదుటి ఆటగాడు తిప్పన్న లేచాడు. బళ్లారి క్లబ్బులో మార్కరు అతను. క్యూ కర్ర కొనకు సుద్ద రాసుకుంటూ నవ్వాడు.

"ఏం సాబూ, విస్తరేసి వడ్డిస్తాండావే! నెయ్యి గూడా పోసినావు. ఇంగ నేను తినేదే."

తిన్నాడు. నల్ల బంతి టప్పున పాకెట్లో పడింది. ఐదు ఫ్రేముల ఫైనల్లో తిప్పన్నకు రెండు, పీరాకు ఒకటి. తిప్పన్న ఇంకొక్కటి గెలిస్తే అంతా ముగిసినట్టే. రెఫరీ భోజనాలకు విరామం ఇచ్చాడు.

అది 1984 మే నెల. అనంతపురానికి ఆ ఏడు కూడా వాన లేదు. క్లబ్బు కిటికీలకు కట్టిన వట్టివేళ్ల తడకలు తడపడానికి నీళ్లు లేవు. ఎండిన చెరువుల మన్నంతా గాడ్పులో ఎగిరొచ్చి స్నూకర్ బల్ల మీది పచ్చ గుడ్డపై వాలుతుంటే, ఫ్రేము ఫ్రేముకూ బ్రష్షు పట్టాల్సి వస్తోంది.

పీరా ఈ క్లబ్బు మార్కరే. మెంబర్లు ఆడుతుంటే స్కోరు చెప్పాలి, బల్ల చూసుకోవాలి, జోడీ దొరకని మెంబరుతో తానే ఒక ఆట ఆడాలి. ఆటకు జీతం తీసుకునేవాడు ప్రొఫెషనల్ కింద లెక్క. మెంబర్లు ఆడే పోటీల్లోకి అతన్ని రానివ్వరు. ఇన్నేళ్లూ అలాగే గడిచింది. ఈసారి క్లబ్బు సెక్రటరీ, ప్లీడరు గంగాధరప్ప పట్టుబట్టి, నాలుగు ఊళ్ల మార్కర్లను ఆహ్వానించి, ప్రొఫెషనల్స్ కోసమే ఈ టోర్నమెంటు పెట్టించాడు. గెలిచినవాణ్ణి బొంబాయిలో జరిగే పెద్ద పోటీకి పంపుతారు. పీరాకు నలభై దాటింది. దూరంగా ఉన్న బంతి అంచు మసకబారడం మొదలైంది. ఈ ఏడు తప్పితే బొంబాయి ఇక లేనట్టే.

అలాంటి రోజున ఆ నల్ల బంతిని అక్కడెందుకు వదిలాడు?

అతను వదల్లేదు. అతని చెయ్యి వదిలింది. మెంబర్లతో ఆడేటప్పుడు చివరి బంతిని పాకెట్ మూతి దాకా తెచ్చి ఆపేయడం ఆ చేతికి ఏళ్ల తరబడి అలవాటు. ఆఫీసులో చీవాట్లు తిన్న మనిషి సాయంత్రం ఒక ఆట గెలిచి నవ్వుతూ ఇంటికి పోతే, మర్నాడు మళ్లీ వస్తాడు. తొలి రౌండ్లు మెంబర్లు ఆఫీసుల్లో ఉన్న వేళల్లో జరిగాయి. పీరా అందరినీ ఓడించాడు. ఇవాళ ఆదివారం. వాళ్లు టిఫిన్లు చేసి వచ్చేలోగా మొదటి ఫ్రేము కూడా గెలిచాడు. ముందు వరస నిండి ఆ మొహాలు కనబడగానే, చెయ్యి తన పాత పనిలోకి దిగిపోయింది.

పీరా నీళ్ల కుండ దగ్గర గొంతు తడుపుకుంటుంటే గంగాధరప్ప వెనకనుంచి వచ్చాడు.

"ఏమప్పా పీరా, ఆ నల్లది..."

"చెయ్యి జారింది సార్."

"జారలేదు. ఆ దెబ్బ నాకు బాగా తెలుసు. రోజూ నాకు నల్లది సరిగ్గా ఆ మూతికాడనే దొరుకుతాది గదా?"

పీరా గ్లాసు కుండ మీద పెట్టేశాడు. బొంబాయి సంగతి సరే, ఇప్పుడు ఉద్యోగమే పోయేట్టుంది.

"మాఫ్ చేయండి సార్. మిమ్మల్ని తక్కువ చేసి కాదు..."

"ఊరికే ఉండి ఇను. మా ఇంటామె కాలమైన ఏడు, కోర్టులో నన్ను జూసి అందరూ జాలిపడేటోళ్లే. ఈడికొస్తే మాత్రం గెలుస్తాంటి. ఆ గెలుపుతోనే ఇంటికి పోయి ఇన్ని మెతుకులు తింటాంటి. అది నువ్వు పెట్టిన కూడు అని ఈపొద్దు తెలిసె." ప్లీడరు కళ్లద్దాలు తీసి రుమాలుతో తుడుచుకున్నాడు. "ఆ రుణం తీరేది కాదు. ఒగటి మాత్రం చేస్తా. మేముంటే నీ చెయ్యి ఆడదు. మేం పోతాం."

"యాడికి సార్?"

"బయటికి."

అన్నట్టే హాల్లోకి పోయి చప్పట్లు చరిచాడు. "లెయ్యండప్పా, అందరూ వరండాలోకి పదండి. మనల్ని గెలిపించీ గెలిపించీ పీరాకు అలవాటైపోయినాది. మనం ఎదురుగా కూకుంటే వాడు గెలవలేడు."

డాక్టర్ శ్రీరంగప్ప కుర్చీలోంచి కదల్లేదు. "ఏం మాట్లాడతాండావు? పోయిన ఆదివారం నేను వీణ్ణి చిత్తుగా కొట్టినా గదా!"

"అందుకే లెయ్ డాక్టరూ."

హాల్లో అందరూ ఎవరి గెలుపులు వాళ్లు గుర్తు చేసుకుంటున్నారు. పీరా తలెత్తలేదు. ఉన్నట్టుండి డాక్టరే పకపకా నవ్వి లేచాడు.

"ఓరి నీ పాసుగూలా! ఇంట్లో మా ఆమె ముందర ఎన్ని కోతలు కోసినానప్పా!"

నవ్వుకుంటూ కొందరు, గొణుక్కుంటూ కొందరు బయటికి నడిచారు. రేకుల వరండా అది. ఆ వేళప్పుడు పెనం మీద నిలబడినట్టే.

తిప్పన్న నోరు తెరిచాడు. "ఇదేం ఊరు సాబూ! యాడన్నా మనోడు గెలవాలని అరిచేదానికి జనాన్ని పిలుస్తారు. ఈడ తరిమేస్తాండారే! నేను మాత్రం దయ చూపించను, ముందే చెప్తాండా."

"వద్దన్నా. చూపించొద్దు," అన్నాడు పీరా.

నాలుగో ఫ్రేము పీరాదే. ఐదోది ఇద్దరూ గుంజుకున్నారు. చివరికి బల్ల మీద తెల్ల బంతి, నల్ల బంతి మిగిలాయి. ఇద్దరి మధ్యా తేడా మూడు పాయింట్లే, నల్లదానికి ఏడు. దాన్ని పడగొట్టినవాడిదే టోర్నమెంటు. తిప్పన్న కొట్టిన దెబ్బ వెంట్రుకవాసిలో తప్పింది. నల్లది అవతలి కొసకు పోయి ఆగింది.

పీరా వంగాడు. దూరం. అంచు మసక. మెత్తగా తాకించి వదిలేద్దామా అనిపించింది. తలెత్తి చూశాడు. ఎదురుగా వరసంతా ఖాళీ కుర్చీలు. గోడవతల ఎవరో దగ్గారు, ఎవరో ఆ దగ్గును గదమాయించారు. తన కోసం పెద్ద పెద్ద మనుషులు ఎండలో మాడుతున్నారు. పీరా కళ్లు చెమర్చాయి. రెప్పలార్చి, మళ్లీ వంగి, నిండు బలంతో కొట్టాడు.

నల్లది బల్ల పొడవునా పరుగెత్తి పాకెట్లోకి దూకింది.

రెఫరీ ఏమన్నాడో పీరాకు వినపడలేదు. నేరుగా గుమ్మంలోకి నడిచాడు. చొక్కాలు ఒంటికి అతుక్కుపోయిన మెంబర్లంతా అతని మొహంలోకే చూశారు. బంతి పడిన చప్పుడు విన్నారు. కొట్టింది ఎవరో తెలీదు. పీరా చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"పోయిందా?" అన్నాడు డాక్టరు నీరసంగా.

పీరా వెనకనుంచి తిప్పన్న తల బయటికి పెట్టాడు. "రాండప్పా లోపలికి, వడియాల మాదిరి ఎండిపోతిరి! మీవోడే గెలిచినాడు. నన్ను గూడా ఈ క్లబ్బులోనే పెట్టుకోండప్పా. ఇట్లాంటి మెంబర్లు మాకు లేరు."

వరండా రేకులు అదిరిపోయాయి. పీరా ఆ గోలలోంచే దారి చేసుకుని గంగాధరప్ప చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు.

"సార్, నేను... మీరంతా..."

"ఇడిసిపెట్టప్పా, చెయ్యి నొస్తాది," అన్నాడు గంగాధరప్ప. అని, తన రెండో చేతిని కూడా తెచ్చి ఆ చేతుల మీద పెట్టాడు.