పోనీ అన్న మాట

ఫైట్ మాస్టరుకి చాదస్తం ఎక్కువని యూనిట్ అంతా నవ్వుకునేది. నవ్వరూ మరి! రెండు నిమిషాల కారు ఛేజింగ్ కోసం వారం రోజులు భోజనాల బల్ల మీద అగ్గిపెట్టెలు జరుపుతూ కూర్చున్న మనిషాయన. ముందు అగ్గిపెట్టె హీరో కారు, వెనకది విలన్ కారు, మలుపులో నిలబెట్టిన ఉప్పు డబ్బా కెమెరా.

"ఉప్పు డబ్బాకీ కారుకీ మధ్య మూడడుగులుండాలి. అంగుళం తగ్గినా ఒప్పుకోను," అన్నాడు.

"ఆ ఉప్పు డబ్బా మా ఆయన నాన్నా! కాస్త మర్యాదగా పిలువు," అంది కూతురు.

హీరో బదులు కారు తోలేది ఆ పిల్లే. మలుపులో స్టాండు మీద కెమెరా పెట్టుకుని మోకాళ్ళ మీద కూర్చునేది ఆమె మొగుడు. గురి తప్పిందో, కూతురి చేతుల్లోనే అల్లుడు పోతాడు. ఆ వారమంతా మాస్టరు కంటి మీద కునుకుంటే ఒట్టు!

షూటింగ్ రోజు మధ్యాహ్నం ఆయన వాకీటాకీ పట్టుకుని మేడ మీద నిలబడ్డాడు. అక్కణ్ణుంచి సందు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కనిపిస్తుంది. సందు మొదట్లో కూతురు ఇంజన్ ఆన్ చేసి కూర్చుంది. ఆమె దగ్గరా, మలుపులో ఉన్న అల్లుడి దగ్గరా కూడా వాకీటాకీలున్నాయి. ఆయన "పోనీ" అంటేనే కారు కదలాలి. ముప్పై ఏళ్ళుగా ఆయన చెప్పే మాట అదొక్కటే. కింద మానిటరు ముందు కూర్చున్న డైరెక్టరు మాత్రం ఎండ తగ్గిపోతోందని ఒకటే గోల.

అంతలో మాస్టరు చూపు మలుపు దగ్గర ఆగింది. ఎవరో మహానుభావుడు దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లాడు. చల్లితే చల్లాడు, సరిగ్గా కారు తిరిగే చోటే చల్లాలా!

"డైరెక్టరుగారూ, మలుపులో తడి ఉంది. టైర్లు జారతాయి. ఆరనివ్వండి," అన్నాడు వాకీటాకీలో.

"అది ఆరేదాకా ఆగడానికి ఎండ మీ చుట్టమా మాస్టరూ? ఇప్పుడే తీయాలి!"

మాస్టరుకి ఒళ్ళు మండింది. ఎలాగోలా నచ్చజెబుదామని మళ్ళీ బటన్ నొక్కాడు. "పోనీ, రేపు పొద్దున్నే తీద్దాం. ఇవాళ్టికి వద్దు."

మొదటి మాట ఒక్కటే వెళ్ళింది. ఆయన మాట పూర్తి కాకముందే డైరెక్టరు కూడా బటన్ నొక్కాడు. ఇద్దరి మాటలూ కలిసిపోయి గరగరమన్నాయి.

కింద కారు కదిలింది.

"ఆపు! అమ్మా, ఆపు!" డైరెక్టరు ఇంకా బటన్ వదల్లేదు. మాస్టరు వాకీటాకీ విసిరేసి, పిట్టగోడ మీదికి వంగి గొంతు చించుకుని అరిచాడు. ఆ ఇంజన్ హోరులో ఎవరికి వినబడుతుంది! కారు మలుపులోకి వచ్చింది. వెనక టైర్లు తడిలో జర్రున జారాయి. బండి అడ్డంగా తిరిగి, అల్లుడున్న వైపే దూసుకెళ్ళింది. ఏదో ఫెళ్ళుమని విరిగింది. లేచిన పొగలో ఇక ఏమీ కనబడలేదు.

ఆయన మెట్లన్నీ ఎలా దిగాడో ఆయనకే తెలియదు.

కెమెరా స్టాండు రెండు ముక్కలై పడి ఉంది. కారు వెనక డోరుకి జానెడు దూరంలో అల్లుడు మోకాళ్ళ మీద అలాగే ఉన్నాడు. కూతురు ఇంకా స్టీరింగు వదల్లేదు.

"అదిరింది మాస్టరూ!" అని డైరెక్టరు చప్పట్లు కొట్టాడు.

మాస్టరు అటు చూడనైనా లేదు. అల్లుడి రెండు భుజాలూ పట్టుకుని కుదిపేశాడు. కళ్ళ నీళ్ళు ఆగలేదు.

"తడి ఉందని చెప్పాను కదయ్యా! కారు వస్తుంటే లేచి పక్కకి పోవద్దూ?"

"విన్నాను మామయ్యా," అన్నాడు అల్లుడు, పాలిపోయిన మొహంతో. "తర్వాత మీరే పోనీ అన్నారుగా. లెక్క చూసుకునే అనుంటారని కదల్లేదు."