తూకం రోజు

ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్ల వీధులు చాలానే ఉన్నాయి. వాటిలో ఒక వీధికి నెలకొకసారి పెళ్లికళ వచ్చేది. పెద్దవాళ్లకు కాదు, పసిపిల్లలకు. పొద్దున్నే తలంటు, కళ్లకు కాటుక, బుగ్గన దిష్టిచుక్క, నడుముకు వెండి మొలతాడు, కాళ్లకు లావుపాటి కడియాలు. ఎండలు మండిపోతున్నా సరే, తలకు ఉన్ని టోపీ, ఒంటికి ఉన్ని కోటు. కొత్తవాళ్లెవరైనా ఆ దారిన పోతే ఏ పుట్టినరోజో అనుకునేవారు. అదేమీ కాదు, అంగన్‌వాడీలో పిల్లలను తూచే రోజు.

తొంభైల చివరి మాట ఇది. అంగన్‌వాడీ టీచరు గోవిందమ్మ పుట్టిల్లు తాడిమర్రి, మెట్టినిల్లు ఈ వీధే. దూలానికి వేలాడదీసిన తక్కెడలో ఒక్కొక్క బిడ్డనే కూర్చోబెట్టి, ముల్లు చూసి, "బాగుండాది" అనేది. అవ్వలు మీసాలున్న మగవాళ్లకు మల్లే ఠీవిగా మనవళ్లను చంకనెత్తుకుని ఇళ్లకు పోయేవారు. అందరూ సంతోషమే. అందరూ అంత సంతోషంగా ఉన్నచోట ఎవరో ఒకరు పస్తుంటున్నారేమోనని అనుమానించడం మంచిదని నా అభిప్రాయం.

అంగన్‌వాడీకి వచ్చే ప్రతి బిడ్డకూ ప్రభుత్వం పిండీ నూనే ఇచ్చేది. వయసుకు తగ్గ బరువు లేక మరీ చిక్కిపోయిన బిడ్డకు దానికి రెట్టింపు ఇచ్చేది. డబుల్ రేషన్ అనేవారు దాన్ని. అలాంటి బిడ్డను డాక్టరుకు చూపించే ఏర్పాటు కూడా ఉండేది. పేదింటి బిడ్డ తొలి అయిదేళ్లలో వెనకబడితే తర్వాత ఎన్ని బడులు కట్టినా ఆ వెనకబాటు పోదని గ్రహించినవాళ్లు, అదనపు సొమ్ము కేటాయించి పెట్టిన మంచి పథకమది. అయితే అది అందాలంటే బిడ్డ బరువు తక్కువని తేలాలి. ఆ వీధిలో ఏ బిడ్డా తక్కువ తూగదాయె!

ఎందుకు తూగదో చెప్పాలంటే నేతగాళ్ల సంగతి చెప్పాలి. సావుకారు పట్టు తూచి ఇస్తాడు, నేసిన చీర తూచి తీసుకుంటాడు. తూకం తగ్గితే కూలిలో కోత పడుతుంది, అంతకన్నా ఘోరంగా దొంగ అన్న పేరు పడుతుంది. అందుకే "మా ఇంటి చీర ఏనాడూ తగ్గలేదు" అని చెప్పుకోవడం ఆ వీధిలో వంశగౌరవం. అలాంటివాళ్లు తమ బిడ్డనే తక్కెడలో పెట్టి, నలుగురి ముందు తక్కువ అనిపించుకుంటారా? పైగా రెట్టింపు తిండి తెచ్చుకోవడమంటే ఇంట్లో కూటికి లేదని దండోరా వేయించుకోవడమే. అందుకని ఎవరూ ఎవరికీ చెప్పకుండానే ఇంటింటా వెండి బయటికి వచ్చింది. లేనివాళ్లు పక్కింట్లో అడిగి తెచ్చుకున్నారు.

మరి గోవిందమ్మకు తెలియదా? తెలుసు. మొదట్లో ఒకరిద్దరితో, నగలు తీసి తూద్దామని అని చూసింది. "మా బిడ్డ నీ కంటికి ఎండిపోయినట్టు కనబడతాండాడా?" అని మీదికి వచ్చారు. పైనుంచి వచ్చే సూపర్‌వైజరు కూడా నీరసం పిల్లలు లేని కేంద్రాన్నే మెచ్చుకునేది. ఇటు తిట్లు తప్పి అటు మెప్పు వస్తుంటే ఎవరికి చేదు? ఆమె కూడా నోరు మూసుకోవడం నేర్చుకుంది.

ఆ వీధిలో సుబ్బమ్మది పేరున్న ఇల్లు. పేరు మిగిలింది గాని ఇంట్లో ఉన్నది ఒకే మగ్గం. కొడుకు గిరిధర్ మగ్గం మీద కూర్చుంటే, అంచు నేతకు పక్కన కోడలు యశోద కూర్చోవాలి. కూలిమనిషిని పెట్టుకునే స్తోమత వాళ్లకు లేదు. రెండేళ్లు దాటిన మనవరాలు పవిత్రను సుబ్బమ్మే చూసుకునేది. ఒక చేత్తో రాట్నం తిప్పుతూ కండెలు చుట్టేది, బిడ్డ ఏడిస్తే టీ నీళ్లలో బన్ను ముక్క తడిపి నోట్లో పెట్టేది. మనవరాలంటే ప్రేమ లేక కాదు. కొడుకునూ ఆమె అట్లాగే పెంచింది.

పవిత్ర గోడ పట్టుకుని నిలబడేదే తప్ప అడుగు వేసేది కాదు. రానురాను ఏడవడం కూడా మానేసింది. "ఎంత మంచి బిడ్డమ్మా, నోరే ఎత్తదు" అని ఇరుగుపొరుగు మెచ్చుకునేవారు. ఏడవడానికి కూడా ఒంట్లో సత్తువ ఉండాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ఒక అమావాస్య నాడు, మగ్గానికి సెలవు కాబట్టి, యశోద తానే బిడ్డకు నీళ్లు పోసింది. కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకుని వీపు రుద్దుతుంటే ఎముకలు ఒక్కొక్కటే చేతికి తగిలాయి. బిడ్డను పైటలో చుట్టుకుని నేరుగా గోవిందమ్మ ఇంటికి పోయింది.

"అక్కా, నిజం చెప్పు. పవిత్ర బాగుండాదా?"

"తూకంలో బాగానే వస్తాండాది కదమ్మా" అంది గోవిందమ్మ, మొహం చూడకుండా.

"తూకం సంగతి నేనడగలే. బిడ్డ సంగతి అడగతాండా."

గోవిందమ్మ లేచి వీధి తలుపు దగ్గరగా వేసింది. "బాగలేదు యశోదా. ఆ వెండి తీసేస్తే డబుల్ రేషన్ ఇయ్యాల్సిన బిడ్డే. ఆ మాట నేనంటే మీ అత్త నన్ను ఈ వీధిలో బతకనీదు. ఇంగో సంగతి. ఈడ నీరసం పిల్లలు ఒక్కరూ లేరని ఆ రేషన్ ఆపేస్తారంట. ఈ తూకానికి సూపర్‌వైజరమ్మ వస్తాది. ఆ పొద్దు ఒక్క బిడ్డన్నా తేలకపోతే మనకు ఇంగ రాదు."

"మరి నువ్వు చెప్పకూడదా?"

"నాకు భయమమ్మా."

"నాకూ భయమే" అంది యశోద. "అయినా నేను చేస్తా."

తూకం రోజు వచ్చింది. సుబ్బమ్మ మనవరాలిని ముస్తాబు చేసి చంకనెత్తుకుంది. అది చూసి యశోద మగ్గం మీంచి లేచింది.

"యాడికి పోతాండావు? అంచు సగంలో ఉండాది" అన్నాడు గిరిధర్.

"అంచు రేపు నేయొచ్చు. బిడ్డను రేపు చూస్తామంటే కుదరదు" అని అత్త వెనకే బయలుదేరింది.

అంగన్‌వాడీ గదిలో సూపర్‌వైజరు కుర్చీలో కూర్చుని ఉంది. తల్లులూ అవ్వలూ గోడవారగా నిలబడ్డారు. పవిత్ర వంతు రాగానే యశోద బిడ్డను అందుకుని ముందు ఉన్ని కోటు విప్పింది. తర్వాత మొలతాడు తీసింది. కడియాలకు చెయ్యి వేసేసరికి సుబ్బమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఏం చేస్తాండావే? నలుగురిలో పరువు తీస్తావా? మా ఇంట్లో తూకం తగ్గింది ఏనాడూ లేదు!"

"అత్తా, ఒక్క మాట అడుగుతా, చెప్పు. సావుకారు పట్టు తడిపి తూచి ఇస్తే, ఇంటికి తెచ్చి ఆరినాక ఏమైతాది?"

"తగ్గుతాది."

"ఆ తగ్గింది ఎవరి నెత్తిన పడతాది?"

జవాబు సుబ్బమ్మకే కాదు, ఆ గదిలో ఉన్న ఆడవాళ్లందరికీ తెలుసు. ఆమె భర్త బతికున్న రోజుల్లో ఒక సావుకారు అట్లాగే తడిపట్టు అంటగట్టి, చీర తగ్గిందని పదిమందిలో దొంగ అన్నాడు. ఆ మనిషి ఆ మాట మోసుకునే పోయాడు.

"మనం ఈ బిడ్డను తడిపి తూస్తాండాం అత్తా. తగ్గింది దీని నెత్తిన పడతాండాది. మామకు జరిగిన అన్యాయం మన చేత్తో మనమే దీనికి చేస్తాండాం" అని యశోద కడియాలు కూడా తీసేసి, బిడ్డను అత్త చేతుల్లో పెట్టింది.

పట్టు లడిని ఒకసారి ఎత్తి చూసి తూకం చెప్పగల చేతులవి. రోజూ మోసే బిడ్డే అయినా, ఈ బిడ్డ ఎంత ఉందని ఆ చేతులను ఆమె ఏనాడూ అడగలేదు. ఇప్పుడు అడిగింది. సుబ్బమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. తానే పోయి మనవరాలిని తక్కెడలో కూర్చోబెట్టింది.

ముల్లు కొంచెం కదిలి ఆగిపోయింది.

"చాలా తక్కువుండాది" అంది గోవిందమ్మ, అందరికీ వినబడేట్టు. "డబుల్ రేషన్‌కు రాయాల్సిన బిడ్డ."

ఎవరూ నవ్వలేదు. కాసేపటికి ఒక మూల నుంచి గలగలమని చప్పుడు వినిపించింది. తిప్పమ్మ అనే పడుచుపిల్ల తన కొడుకు కాళ్ల కడియాలు విప్పుతోంది. ఆమెను చూసి పక్కామె, పక్కామెను చూసి మరొకామె. వెండి కుప్పపడింది. మధ్యాహ్నానికి తేలిన సంగతేమిటంటే, ఆ గదిలోని పిల్లల్లో సగానికి పైగా చిక్కిపోయిన బిడ్డలే.

సూపర్‌వైజరు మొహం పాలిపోయింది. ఆమె చెడ్డమనిషేమీ కాదు, ఆమెకూ పైవాళ్లున్నారు. "పోయిన నెలదాకా ఒక్కరూ లేరని చెప్పి, ఇప్పుడు ఇంతమందంటే నన్నేమంటారు గోవిందమ్మా? ప్రస్తుతానికి ఒకరిద్దరిని రాయి. మిగతావాళ్లను నెలనెలా కొంచెం కొంచెంగా చూపిద్దాం" అంది.

"అంతవరకూ వాళ్ల కడుపులు ఊరుకుంటాయా తల్లీ?" అంది సుబ్బమ్మ.

"నీకు తెలియదులే అవ్వా, ఇవి ఆఫీసు సంగతులు."

"తెలీకనే ఇన్నాళ్లూ దొంగతూకం చేసినాం. తప్పు మాది. నిన్నెవరన్నా అడిగితే, మగ్గాల వీధి సుబ్బమ్మను అడగమని చెప్పు, నేనే వచ్చి ఒప్పుకుంటా. బిడ్డలందరినీ రాసేదాకా మాత్రం ఈడ నుంచి కదిలేది లేదు."

అని గడపకు అడ్డంగా కూర్చుంది. ఆమె పక్కన యశోద, తిప్పమ్మ, మిగతా ఆడవాళ్లు కూర్చున్నారు. పక్కన మనిషి లేక వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. "ఏమబ్బా, ఏం జరగతాండాది ఈడ?" అనుకుంటూ మగవాళ్లు వచ్చారు. గిరిధర్ వచ్చి తల్లిని చూశాడు, నేల మీద ఉన్న వెండి చూశాడు, పెళ్లాం ఒళ్లో ఎముకల గూడులా ఉన్న కూతురిని చూశాడు. వాకిట్లో చతికిలబడ్డాడు.

చివరికి గోవిందమ్మ ధైర్యం చేసింది. "అందరినీ రాస్తాండా మేడం. ఇన్నాళ్లూ చూసీ చూడనట్టు ఉండింది నేను. ఆ మాట యాడ చెప్పమన్నా చెప్తా." సూపర్‌వైజరు చాలాసేపు ఆలోచించి సంతకం పెట్టింది.

అదనపు పిండి మర్నాడే వచ్చిపడిందని చెబితే నేను అబద్ధమాడినట్టే. మరుసటి నెల రాలేదు. సుబ్బమ్మ ఆడవాళ్లను వెంటేసుకుని ఆఫీసుకు పోయింది. రేపు రమ్మన్నారు, మళ్లీ పోయింది. అప్పుడొచ్చింది. డాక్టరు వచ్చాడు, పవిత్ర కడుపులో పురుగులకు మందిచ్చాడు. ఇంట్లోనూ పద్ధతి మారింది. మధ్యాహ్నం పూట మగ్గం ఆపి, యశోద పిండిలో బెల్లం కలిపి ఉండలు చేసి బిడ్డకు తినిపించేది. ఆ కాసేపట్లో తగ్గే నేతకు గిరిధర్ ఎన్నడూ విసుక్కోలేదు. పవిత్ర ముందు ఏడవడం మొదలుపెట్టింది, వీధంతా వినబడేట్టు. ఆ ఏడుపు విని సుబ్బమ్మ నవ్వింది. వానలు పడేనాటికి అవ్వ కొంగు వదిలి నాలుగడుగులు వేసింది.

ఆ తర్వాత ఒక తూకం రోజున, తలుపుల అనే ఊరి నుంచి కొత్తగా వచ్చి ఆ వీధిలో మగ్గం వేసుకున్న అంజినమ్మ అనే ఆమె మనవడిని తీసుకొచ్చింది. ఒళ్లంతా వెండే. తీయమంటే తీయదు. "నలుగురిలో తక్కువంటే సిగ్గు గాదా అక్కా? సర్కారోళ్ల కాడ చెయ్యి చాపినట్టు గాదా?" అంది మెల్లిగా.

సుబ్బమ్మ ఆ పిల్లవాడిని ఒళ్లోకి తీసుకుని అందరూ వినేట్టు చెప్పింది.

"బిడ్డకు తక్కువైందని చెప్పుకుంటే సిగ్గేముండాది అంజినమ్మా? ఇట్లాంటి బిడ్డల కోసమనే సర్కారు ఆ సొమ్ము పక్కన పెట్టింది. అది బిచ్చం గాదు, బిడ్డ వాటా. అడిగి తీసుకోవాల, ఇయ్యకపోతే కూర్చొని తీసుకోవాల. బిడ్డ నోటికాడి కూడు లాక్కొని మనం పరువు నిలబెట్టుకుంటాం చూడు, సిగ్గుపడాల్సింది దానికి."