పల్లంరాజు వెనకడుగు

ఉప్పాడలో పల్లంరాజు ఒడ్డున నిలబడి, ఇసకలో మడమ గుచ్చి అలివి వల లాగాడంటే వలతో పాటు సముద్రం కూడా గట్టెక్కి వచ్చేసేదండి. అంత మొనగాడు.

సముద్రం గట్టెక్కిన మాట నిజమే. కాకపోతే పల్లంరాజు లాగితే కాదు. అది తనంతట తనే వచ్చి, వాళ్ళ పాత ఇల్లు తినేసి, ఇంకా ఆకలిగానే ఉంది.

అలాంటి పల్లంరాజుకి మొన్న వేసవిలో పక్షవాతం వచ్చి ఎడమ కాలు మాట వినడం మానేసింది. అతని భార్య అచ్చాయమ్మకి విసుగు అప్పుడు మొదలైంది. ఆయన మంచం మీంచి లేచి పెరట్లో బాత్రూముదాకా తనంతట తను వెళ్తే చాలు, తను మళ్ళీ చేపల గంపెత్తుకుని కాకినాడ బజారుకి పోవచ్చు. అక్కడ తను కూర్చునే చోట అప్పుడే మాణిక్యాంబ గోనె పరిచేసిందట. ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే ఆ చోటు మాణిక్యాంబదే.

ఇంటికొచ్చి నడక నేర్పే లావణ్య ఫోన్‌లో ఒక యాప్ పెట్టింది. టిక్కు, టిక్కు.

"ఈ చప్పుడుకి సరిగ్గా అడుగెయ్యండి పెదనాన్నగారూ. కాలికి చప్పుడే దారి చూపిస్తుంది."

"గడియారానికి నేనెందుకమ్మా నడవాలి?"

వారమంతా ఫోన్ టిక్కుమంటూనే ఉంది, కాలు మంచం పక్కనే ఉంది.

"నోరొక్కటీ బాగా నడుస్తుంది!" అంది అచ్చాయమ్మ పళ్ళు కొరికి.

చివరికి లావణ్య అడిగింది. "ఇన్నేళ్ళూ ఏ చప్పుడుకి అడుగేశారండీ?"

"ఇంకేముంది, వల లాగే కేకకి."

"అయితే మీరు వెయ్యండమ్మా ఆ కేక," అంది లావణ్య ఆయన్ని లేపి నిలబెట్టి, అచ్చాయమ్మతో.

"ఇంట్లో వల లాగడమేంటమ్మా, వీధంతా నవ్వుతారు!" అని గొణుక్కుంటూనే అచ్చాయమ్మ గొంతెత్తింది. "హైలెస్సా!"

కాలు కదిలింది! కుడిది, ఆ వెనకే ఎడమది. కాకపోతే వెనక్కి. వల లాగేవాళ్ళు సముద్రం వైపు తిరిగి వెనక్కే కదా నడుస్తారు! ఆ కేకకి పల్లంరాజు పుట్టాక ముందుకి అడుగేసి ఎరగడు. గుమ్మం దాటాడు, వీధిలోకి వచ్చేశాడు. కాకినాడ బస్సు ఆగిపోయి హారన్ మీద హారన్. లావణ్య ఆయన నడుం పట్టుకుని తనూ వెనక్కే నడుస్తోంది.

"ముందుకండీ, ముందుకి!"

"ముందుకెళ్తే వల సముద్రంలోకి పోదూ?"

అచ్చాయమ్మ నెత్తి కొట్టుకుంది. "బాత్రూము అటుంటే ఇటు పోతావేంటయ్యా! ఈ కాలు కూడా నీలాగే తయారైంది!"

ఎలాగో లోపలికి తెచ్చి కూర్చోబెట్టారు. లావణ్య చెమట తుడుచుకుంటూ, "మీ పనిలో ముందుకి నడిచేది ఒక్కటీ లేదా పెదనాన్నగారూ?" అంది.

"ఎందుకు లేదు, పడవ తొయ్యడం లేదూ?" అన్నాడు పల్లంరాజు చిరాగ్గా.

"ఆ ముక్క ముందే చెప్పి చావొచ్చుగా!" అచ్చాయమ్మ అతన్ని లేపి, వాకరు చేతుల్లో పెట్టి, కోపమంతా గొంతులోకి తెచ్చుకుంది. "తొయ్యరో... హైసా!"

పల్లంరాజు వాకరు మీద వంగాడు. ఎడమ కాలు ఈడ్చుకుంటూనైనా కేకకి సరిగ్గా వచ్చింది. పెరడు దాటి బాత్రూము గుమ్మందాకా తోసుకెళ్ళి, అక్కడ వాకరు మీదికి కాలెత్తబోయాడు.

"ఆగవయ్యా! ఎక్కడానికి పడవ కాదది!"

లావణ్య నవ్వింది గానీ అచ్చాయమ్మకి నవ్వు రాలేదు. "బాగానే ఉంది. ఇక రోజంతా నేనిక్కడే కూర్చుని కేకలెయ్యాలి. బజారుకెవరెళ్తారు?"

లావణ్య ఆ టిక్కు టిక్కు తీసేసి, ఆవిడ 'హైసా' కేకే ఫోన్‌లో రికార్డు చేసిపెట్టింది. కొన్నాళ్ళు పక్కన నిలబడి చూసి, ఇక ఫర్వాలేదంది. ఆ మర్నాడే అచ్చాయమ్మ గంపెత్తుకుంది. మాణిక్యాంబ సణుక్కుంటూ గోనె పక్కకి జరిపింది. ఇక్కడ ఇంట్లో పల్లంరాజు ఫోన్ నొక్కి, వాకరు తోసుకుంటూ, "బజారుకి పోయినా దీని అరుపు తప్పలేదు కదరా దేవుడా!" అనుకున్నాడు.

ఇందులో ఆ బస్సొక్కటి నేను పెట్టిందండి. వాళ్ళ సందులోకి సైకిలు రావడమే కష్టం. వెనక్కి నడిచిన మాటకి మాత్రం తిరుగులేదు, ఆయ్.