ఆదివారం చెప్పులు

మా మనవరాలు కేథరిన్ బడిలో చేరిన కొత్తలో ఒక సాయంత్రం వాళ్ల తాత పోర్టులో పని ముగించుకుని వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విడవబోయారు. ఒక చెప్పు ఊడి వచ్చింది. రెండోది రాలేదు. ఇంత పొడుగు మేకు అట్టలోంచి పాదంలోకి దిగి ఉంది. ముందు చూసింది ఆ పిల్లే. ఆయన మాత్రం టీ పెట్టు విమలా అని నాతో అంటున్నారు, ఏమీ ఎరగనట్టు.

నిజంగానే ఎరగరు. షుగరు ముదిరి పాదాలు మొద్దుబారిపోయాయి. ఆ పుండు మానలేదు. మొదట వేలు తీశారు, ఆ తర్వాత పాదమే తీసేశారు. ఇంటిల్లిపాదీ ఏడుస్తుంటే ఈ పిల్లది మాత్రం ఒకటే ప్రశ్న, మేకు గుచ్చుకుంటే తాతకి ఎందుకు తెలియలేదని. డాక్టరుగారిని అడిగింది, చర్చిలో పాస్టరుగారిని అడిగింది. ఎవరేం చెప్పినా దానికి చాల్లేదు.

ఇక చీపురు పుల్ల విరిచి, దొరికినవాళ్లని దొరికినట్టు కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని, పాదం మీద పుల్ల ఆనించేది. తగిలిందో లేదో చెప్పాలి. కాళ్లకి చీపురు తగిలిస్తావా అని పక్కింటి గురువమ్మ దాన్ని పూర్ణా మార్కెట్ దాకా తరిమినంత పని చేసింది. మా ఆయన మాత్రం ఓపిగ్గా మిగిలిన కాలు చాపి, ప్రతిసారీ తగిలిందనేవారు. ఒకరోజు అది పుల్ల ఆనించకుండానే అడిగింది. తగిలిందన్నారు.

పిల్ల నా దగ్గరికి వచ్చి కొంగు పట్టుకుంది. "తాత అబద్ధమాడతన్నాడు మామ్మా."

ఆయన పోయారు. ఆ పుల్ల ఆట మాత్రం దాన్ని వదల్లేదు. ద్వారకా నగర్ కోచింగ్‌కి కిక్కిరిసిన బస్సుల్లో నిలబడి వెళ్లి చదివింది. డాక్టరు సీటు రాలేదని వాళ్లమ్మ మంచం పట్టినంత పని చేస్తే, పుండు పడ్డాక కట్టు కట్టే పని కాదమ్మా నాకు కావలసింది అని, బయోమెడికల్ అనే ఇంజినీరింగులో చేరింది. ఇప్పుడు అందులోనే పరిశోధన. పాదం పసిగట్టలేనిదాన్ని చెప్పు చేత పసిగట్టించాలని దాని తాపత్రయం. అట్టలో సన్నటి బిళ్లలు అమర్చింది. ఎక్కడ బరువు ఎక్కువ పడుతోందో, ఎక్కడ వేడెక్కుతోందో ఫోనులో ఎర్రచుక్కై కనబడుతుంది.

మా వీధిలో షుగరున్న ఆడవాళ్లందరికీ, నాతో సహా, అలాంటి చెప్పులు పంచింది. మెత్తటి తోలు, బంగారు రంగు బకిల్. రోజూ వేసుకోమని ఒక్కొక్కరి చేతులు పట్టుకుని మరీ చెప్పింది. నెల తిరిగాక ల్యాబులో చూసుకుంటే ఏముంది, ఏ ఆదివారమో కాసేపు నడక, మిగతా వారమంతా ఖాళీ. బిళ్లలే పనిచేయడం లేదన్నారు తోటివాళ్లు. గైడు మేడమైతే ఇంకొక్క నెల చూసి, ఇది ఆపేసి వేరే పని ఎత్తుకోమంది.

అది తిన్నగా గురువమ్మ ఇంటికి వెళ్లింది, వెనకే నేనూ. గురువమ్మ బీరువా తీసి, పాత చీరముక్కలో చుట్టిన చెప్పులు గర్వంగా చూపించింది.

"సూడమ్మా, ఒక్క మరక పడనిచ్చానేటి? పెళ్లికేసుకెళ్లి, తుడిసి మళ్లీ ఎట్టేసాను."

"మరి రోజూ ఏటేసుకుంటన్నావు పిన్నీ?"

గురువమ్మ గుమ్మం బయటికి చూపించింది. అరిగిపోయిన హవాయి చెప్పులు, ఊడిన పట్టీకి పిన్నీసు. "కూరల గంప మొయ్యడానికి అంత మంచియేటే?"

నాకు నవ్వాగలేదు.

"నవ్వకు మామ్మా. నీయెక్కడున్నాయి?" అంది కేథరిన్.

నావి ట్రంకుపెట్టెలో, అట్టపెట్టెతో సహా ఉన్నాయి. చర్చికి తప్ప బయటికి తీయలేదు.

కోప్పడుతుందనుకున్నాను. అది గుమ్మంలో చతికిలబడి, ఆ పిన్నీసు చెప్పునే తిప్పి తిప్పి చూసింది. "తప్పు నాదే. మీకు మంచి సెప్పులిచ్చాను గానీ, మీరు నడిసేవి అడగలేదు."

మర్నాడు ఇల్లిల్లూ తిరిగి పాత చెప్పులు అడుక్కుంది. ఇవ్వడానికి అందరికీ సిగ్గు. కడిగిస్తామన్నారు, వద్దంది. వాటిని గోనెసంచిలో వేసుకుని బస్సెక్కితే కండక్టరు కిటికీలన్నీ తెరిపించాడట. మేడం కూడా ముక్కు మూసుకుందట. అరిగిన అట్టలో బిళ్లలు సరిగ్గా కూర్చోవందట. కూర్చునేదాకా అతికిస్తానంది మా పిల్ల. రెండుసార్లు ఊడొచ్చాయి. మూడోసారి నిలిచాయి.

ఎవరి చెప్పులు వాళ్లకి తిరిగొచ్చాయి, నావి నాకు. అవే అరుగుదల, అవే పిన్నీసులు. ఈసారి ఫోనులో రోజంతా నడకే నడక. కూరల గంపతో, నీళ్ల బిందెతో, రేషను క్యూలో.

ఒక మధ్యాహ్నం అది ల్యాబు నుంచి వేళకాని వేళ ఇంటికొచ్చింది. చేతిలో ఫోను, అందులో ఒక ఎర్రచుక్క. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చీపురు పుల్ల విరిచింది.

"కళ్లు మూసుకో మామ్మా."

నాకు నొప్పీ లేదు, ఏమీ లేదన్నాను. అయినా మూసుకున్నాను. ఎక్కడో కాకి అరుస్తోంది. ఎంతకీ ఏమీ తెలియలేదు. మా ఆయన గుర్తొచ్చారు.

"తగిలిందే," అన్నాను.

కళ్లు తెరిచి చూస్తే పుల్ల దాని ఒళ్లోనే ఉంది. నా ఎడమ మడమ పైకెత్తి వెలుతురుకి తిప్పి చూస్తోంది. గట్టిపడిన తోలు కింద కందిబద్దంత ఎర్రటి పొక్కు, ఇంకా పగల్లేదు. నేనెప్పుడూ చూసుకోలేదు.

అది అక్కడే కింద కూర్చుని మేడంకి ఫోను చేసింది. "పుండు కాకముందే దొరికింది మేడం. మా మామ్మ కాలి మీదే. ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను."

ఫోను పక్కన పెట్టి మళ్లీ పుల్ల అందుకుంది.

"ఆ కాలు కూడా సాపు మామ్మా. ఈసారి అబద్ధమాడకు."